మా అమ్మాయి నాన్నగారికి

దమ్మపేటలో నా భార్య దినాల రోజు, పందిట్లో నలుగురి ముందు నేనొక మాట అన్నాను. "ఒంట్లో బాగలేదని ఒక్క ముక్కన్నా రాసిందా నాకు?" అని. ఆ మాట తప్పు. ఆమె రాసింది.

గొడవపడి ఇల్లు వదిలినప్పుడు హైదరాబాద్ పోతున్నానని చెప్పాను. ఫోన్ నంబరు మార్చాను. నిజానికి నేనున్నది సత్తుపల్లిలో, ఒక గది కిరాయికి తీసుకుని. ఆయిల్ పామ్ తోటలకు డ్రిప్పు పైపులు అమ్మేవాణ్ణి. కంపెనీకి నా పేరే పెట్టుకున్నాను. పెద్దగా కనబడాలని హైదరాబాద్‌లో వర్చువల్ ఆఫీసు తీసుకున్నాను. అంటే అడ్రసు మాత్రమే మనది, అక్కడ మనకు కుర్చీ కూడా ఉండదు. కంపెనీ పేరున ఉత్తరం వస్తే వాళ్లు తీసుకుని ఫోన్ చేస్తారు.

ఖమ్మం బస్టాండులో బామ్మర్ది ఎదురైతే ఆ అడ్రసున్న కార్డు ఇచ్చాను. ఇంటి నుంచి ఫోన్లు రావద్దని, దాని మీది నంబరు పెన్నుతో కొట్టేసి మరీ ఇచ్చాను.

"ఆఫీసుల ఏసీ ఉన్నదా బావా?" అన్నాడు.

"రెండున్నయ్," అన్నాను.

ఆమె పోయిందని నాకు తెలిసింది కూడా పైపుల కోసం వచ్చిన ఒక రైతు చెబితేనే.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లాక మా అమ్మాయి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. పోయి తిరిగొచ్చిన కవరు. నా భార్య చేతిరాత. నేను బామ్మర్దికిచ్చిన కార్డు చూసి అడ్రసు పొల్లు పోకుండా దించింది. పేరు మాత్రం వదిలేసింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె నా పేరు పలకలేదు, రాయలేదు. పైన "మా అమ్మాయి నాన్నగారికి" అని ఉంది.

ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడ పనిచేసే ఆమె మర్యాదగానే చెప్పింది. "అమ్మాయి నాన్న అనే కంపెనీ మా దగ్గర లేదు సార్. అందుకే వాపస్ పంపినం."

లోపల నాలుగే మాటలు. కడుపులో గడ్డ ఉన్నదంట. జల్దీ ఆపరేషన్ చెయ్యాలంట. మీరు వచ్చినంకనే చేయించుకుంట. కోపముంటే ఉండనియ్యండి, ఆ ఒక్క రోజు రండి.

"కవరు తిరిగొచ్చేసరికి నువ్వే తిప్పి పంపినవనుకున్నది నాన్నా," అన్నది మా అమ్మాయి. "మళ్ల నీకు కబురు చెయ్యనియ్యలే. ఆపరేషన్ అంటే ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు అని జరుపుకుంట వచ్చింది."

అప్పుడు చెప్పాను, నేను హైదరాబాద్‌లో లేనని.

"మరెక్కడున్నవ్?"

సత్తుపల్లిలో నేనుండే సందు చెప్పాను.

"స్కానింగుకు అమ్మను ఆ సందుకే తోలుకొచ్చిన," అన్నది. "పొద్దంతా ఆ స్కానింగ్ సెంటరు మెట్ల మీదనే కూసున్నం."