ఒరిజినల్ స్వరూప

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పిల్లల నోట్సు టైపు చేసే దుకాణాలకు కొదవా? గల్లీకి నాలుగు. ఆ గల్లీలో మాత్రం అసలైన విండోస్ ఉన్నది ఒక్క స్వరూప దుకాణంలోనే. 2010లో చిక్కడపల్లి నుంచి ఇక్కడికి మారినప్పుడు కొత్త కంప్యూటర్‌తో పాటు లైసెన్సు కూడా కొన్నది. మిగతావాళ్ళంతా ఎవడో కాపీ చేసిచ్చిన సీడీలతో హాయిగా నెట్టుకొస్తుంటే, ఈవిడకేం పుట్టిందో గానీ పద్ధతిగా ఉండాలనుకుంది. గల్లీ ఊరుకుంటుందా? ఒరిజినల్ అక్క అని పేరు పెట్టేసింది. పైకి విసుక్కున్నా లోపల ఆమెకు అది బిరుదే.

ఆ పద్ధతి వల్లే నారాయణగూడలోని ఒక జూనియర్ కాలేజీ ప్రశ్నపత్రాలు ఆమె చేతికొచ్చాయి. అంతకు ముందు ఇంకెక్కడో దొంగ కాపీ ఉన్న కంప్యూటర్‌లోంచి పేపరు బయటికి పొక్కి కాలేజీ పరువు బజారున పడింది. అప్పటినుంచి పరీక్షల పని చూసే రాగిణి మేడం, "నా కంప్యూటర్‌లో ఒరిజినలే ఉంది" అని రాసున్న కాగితం మీద సంతకం తీసుకుని గానీ పేపర్లు ఇవ్వదు. మూడేళ్ళుగా స్వరూప ఆ సంతకం దర్జాగా పెట్టింది. నోటిఫికేషన్లు లేక నోట్సు పని ఎండిపోయినా దుకాణం నిలబడింది ఆ పేపర్ల మీదే.

2013 డిసెంబరులో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ ఠప్పున పోయింది. మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు రెండూ కాలిపోయాయి. అప్పటికే హాఫ్ ఇయర్లీ పేపర్లు టేబుల్ మీద ఉన్నాయి. రిపేర్లు చేసే నాగేందర్ కోఠి నుంచి కొత్తవి తెచ్చి బిగించాడు.

"అక్కా, లైసెన్సు ఈ కొత్త బోర్డుకు మార్పియ్యాలె. పాతది కాలిపోయిందని ఫోన్‌ల చెప్తె వాళ్ళే మారుస్తరు. స్టిక్కర్ మీద నంబర్ ఉంటది, జర చదువు."

కంప్యూటర్ డబ్బా పక్కన అంటించిన ఆ స్టిక్కరే లైసెన్సుకు ప్రాణమని అమ్మినవాడు మొదటిరోజే చెప్పాడు. స్వరూప మరిచిపోలేదు. మరిచిపోయినా బాగుండేది! ప్రాణమన్నాడు కదా అని, ప్రతి దసరాకూ ఆయుధపూజలో డబ్బాకు ఒక్క బొట్టుతో సరిపెట్టి, స్టిక్కరుకు మాత్రం నిండా పసుపు రాసి, కుంకుమ అద్ది, మర్నాడు తడిగుడ్డతో శ్రద్ధగా తుడిచేది. అలా నాలుగు దసరాలు. అంత భక్తికి అక్షరాలేం మిగులుతాయి?

హెల్ప్‌లైన్‌లో అమ్మాయి మర్యాదగానే అడిగింది. మొత్తం ఇరవై అయిదు అక్షరాలు. స్వరూప పదకొండు చదివి ఆగిపోయింది. నాగేందర్ సెల్‌ఫోన్ లైటు వేసి డబ్బాను అటు వంచి ఇటు వంచి చూశాడు. పసుపు మరక తప్ప ఏమీ కనబడలేదు.

"బిల్లు ఉంది నా తాన, అది పంపిస్త," అంది స్వరూప ఫోనులో.

బిల్లు మీద ఆ నంబరు ఉండదట. నంబరు లేకుండా మార్చడం కుదరదట, కొత్తది కొనుక్కోవాలట. ఇంకేమైనా సాయం కావాలా మేడం అని కూడా అడిగింది. ఆ మాటకు స్వరూప ఒళ్ళు మండిపోయింది. కొత్తది కొనడానికి చేతిలో ఏముంది, ఉన్నదంతా బోర్డుకూ డిస్కుకూ ఊడ్చుకుపోయింది.

"ఎందుకక్కా పరేషాన్ అయితవ్? నా కాడ సీడీ ఉంది. అర్ధగంటల ఎక్కిస్త. ఎవరికి తెలుస్తది?" అన్నాడు నాగేందర్.

"నాకు తెల్వదారా?"

మర్నాడు ఆ పేపర్ల ఫైలు పట్టుకుని నారాయణగూడకు నడిచింది. జరిగింది జరిగినట్టు చెప్పి, నెల రోజులు గడువిస్తే ఎట్లాగైనా కొంటానని బతిమాలింది. రాగిణి మేడం తల పట్టుకుంది.

"చెప్పకుంటే అయిపోవు గద స్వరూపా! సంతకం పెడితే నేనేమన్న వచ్చి చూస్తుంటినా? ఇప్పుడు తెలిసినంక ఎట్లియ్యాలె నీకు?"

స్వరూప ఫైలు తీసి మేడం టేబుల్ మీద పెట్టింది.

"సోమవారం వరకు పేపర్లు కావాలె. మీ గల్లీల ఇంకెవరన్న ఉన్నరా?"

"మస్తుమంది ఉన్నరు మేడం," అంది స్వరూప.

సాయంత్రం పక్క దుకాణం దాసయ్య అదే ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. పాపం, మనిషి చెడ్డవాడు కాదు.

"అక్కా, కాలేజోళ్ళు గీ కాగితం ఇచ్చిన్రు. నువ్వు శాన సార్లు పెట్టినవ్ గద, సంతకం ఏడ పెట్టాలె?"

స్వరూప వేలు పెట్టి చూపించింది. దాసయ్య ఆ కాగితాన్ని చదవనైనా చదవకుండా సంతకం పెట్టేశాడు.