పెన్ను చాపి అడిగే మనిషి

పొద్దున టీ తాగుతుంటే జనగామ నుంచి వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు" అన్నది. నేనేమీ అడగలేకపోయాను. అడగడం ఎప్పుడూ ఆయన పనే. టీవీలో ఆయన రిపోర్టర్, నేను కెమెరామన్‌ని. నాకు ఫ్రేమ్ పెట్టడం వచ్చు, ప్రశ్న వేయడం రాదు.

చరిత్ర పుస్తకాలు రాస్తానని ఉద్యోగం మానేసిన రోజు "మునుగుతవ్ అన్నా" అన్నాను. "మునగకుంటె లోతెట్ల తెలుస్తది తమ్మీ" అని నవ్వాడు. ఆ పుస్తకాలను బస్సుల్లో కూడా చదివారు. నా జోస్యాలన్నీ అంతే.

టీవీని వదిలాడు కానీ మైకు ఆయన చేతిని వదల్లేదు. ముసలివాళ్లతో మాట్లాడుతూ పెన్నును వాళ్ల నోటి ముందుకు చాపేవాడు. చెల్పూర్‌లో ఒక తాత అది బీడీ అనుకొని అందుకోబోయాడు.

ఏ ఊరి గురించి రాస్తే ఆ ఊళ్లోనే, అచ్చుకు ముందు, అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించేవాడు. పాలకుర్తి దగ్గర ఒకామె లేచి "మా తాతను గింత మంచోన్ని చేసినవేంది? అందరిని తిట్టేటోడు" అంది. రాసింది అక్కడే కొట్టేసి, ఆ తిట్లేమిటో అడిగి రాసుకున్నాడు. "సచ్చిపోయినోళ్లు వచ్చి కాదనలేరు తమ్మీ. అందుకే బతికున్నోళ్లకు వినిపియ్యాలె" అనేవాడు. ఇప్పుడు ఆయన గురించి నేను రాస్తున్నాను. ఎవరికి వినిపించాలో తెలియడం లేదు.

చివరి పుస్తకం కేసముద్రం అవతలి ఒక తండా గురించి. అది పూర్తయ్యే వేళకు గొంతుకు ఆపరేషన్ జరిగి ఆయన మాట పోయింది. అయినా వినిపించాల్సిందేనని సైగ చేశాడు. తండాలో ఆయన పక్కన కూర్చొని నేను చదివాను. కరువులో అందరూ వలసపోయారని, తండా ఖాళీ అయిందని చదవగానే ఒక ముసలమ్మ ఆపింది. ఆయన ఆమెను తండావాళ్లలాగే యాడీ అని, అంటే అమ్మా అని పిలిచేవాడు.

"ఖాళీ ఎట్లయింది? నేను పోలే కదా. నేను లెక్కల లేనా?"

అన్న ముఖం వెలిగింది. వెంటనే పెన్ను ఆమె ముందుకు చాపాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. పక్కనే ఉన్న నాకు ఆయన ఏం అడగబోతున్నాడో అందలేదు. చివరికి యాడి పెన్ను చాపిన ఆ చేతిని పట్టుకుని మెల్లగా దించింది.

"గొంతు మంచిగైనంక రా బిడ్డా. నువ్వడుగు, నేను చెప్త."

మళ్లీ వెళ్లడం ఆయనకు కుదరలేదు.

దశదినకర్మకు యాడి రైలెక్కి జనగామ వచ్చింది. దండ వేసిన ఫోటోను చాలాసేపు చూసింది. వదిన లోపలి నుంచి ఆయన పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. యాడి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

ఒంటరిగా ఎట్లా బతికావని అడగాలా? ఎందుకు పోలేదని అడగాలా? ఆయనైతే ఎక్కడ మొదలుపెట్టేవాడు? పెన్ను నా ఒళ్లోనే ఉండిపోయింది.

యాడి మాత్రం, ఆయన ముందు కూర్చున్నప్పటిలాగే, ముఖం కాస్త ముందుకు చాపి, ప్రశ్న కోసం ఎదురుచూస్తూ ఉంది.