ఎండ పడని పక్క

నాలుగేళ్ల కిందటి మాట. తమిళనాడు ధర్మపురిలో మధ్యాహ్నం పాలకోడు బస్సెక్కి ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నాను. ఫోనులో నా తెలుగు విన్నదేమో, కుడి పక్కనుంచి ఒకావిడ పిలిచింది.

"ఆ పక్క వద్దమ్మా. ఊరు చేరేదాకా ఎండ మొగానికే కొడతాది. ఇట్లా రా."

నిజమే, అందరూ కుడివైపే సర్దుకున్నారు. ఆమె పక్కన కూర్చున్నాను.

అదియమాన్‌కోట్టై దారిలో కొత్తగా లేచిన అద్దాల ఆఫీసులో ఊడ్చే పని చేస్తున్నానని చెప్పింది. దాని ప్లాను గీసింది నేనే.

"పడమటి గోడంతా అద్దమేమ్మా. తెరిచేదానికి ఒక్క కిటికీ లేదు. నిన్న కరెంటు పోయి, ఆడ పనిచేసే ఒక పాప మయక్కమొచ్చి పడిపోయింది. ఇంకా ఆస్పత్రిలోనే ఉండాది."

ఎడమ కిటికీల్లోంచి ఖాళీ సీట్ల మీద పడుతున్న ఎండకేసి చూశాను.

"ప్లాను గీసినాయన ఎప్పుడూ బస్సెక్కినట్టు లేదు. ఎక్కింటే ఎండ ఏ పక్కొస్తాదో తెలిసుండేది."

నా ఒళ్లో ఇంకో ప్లాను చుట్ట ఉంది.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

"టీచర్ని."

బస్సు మలుపు తిరిగింది. ఆమె సంచి ఒళ్లోకి తీసుకుని కిటికీవైపు జరిగింది.

"లోపలికి రా టీచరమ్మా. నీ భుజానికి ఎండ తగులుతా ఉండాది."