పిల్లికి సీజర్‌ని పరిచయం చేసిన వైనం

కొత్తపేట హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే గౌరీశంకరం గారికి తెలియని విషయం ఉండేది కాదు. వంతెన ఎక్కడ కట్టాలో, కొబ్బరికి తెగులు ఎందుకొచ్చిందో, పక్కింటి కోడలు పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో కూడా ఆయనే చెప్పేవారు. అడిగినవాళ్లు తక్కువ.

డెబ్భై ఆరులో ఆయన ముమ్మిడివరం నుంచి ఓ కుక్కపిల్లను సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. జర్మనీ జాతిదన్నారు. చెవులు మాత్రం వీధికుక్కల చెవుల్లాగే వేలాడుతున్నాయి. సీజర్ అని పేరు పెట్టారు.

ఇంట్లో అప్పటికే ఓ పిల్లి ఉంది. అది కళ్లు తెరవనప్పటి నుంచీ ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు పెంచిన పిల్లి. సంచిలోంచి సీజర్ తల కనబడగానే అది అటకెక్కి కూర్చుంది.

"నాలుగు రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్యండి," అన్నారావిడ.

"క్లాసు మొత్తాన్ని ఒక్క చూపుతో కూర్చోబెడతాను. ఇదెంత?" అన్నారాయన.

నిచ్చెన వేసి పిల్లిని దింపారు. ఓ చేత్తో పిల్లిని, ఓ చేత్తో కుక్కపిల్లను పట్టుకుని, రెండింటి ముక్కులూ కలిపి, "ఊఁ, స్నేహం చేసుకోండి," అన్నారు. పిల్లి పంజా విసిరింది. సీజర్ బెదిరిపోయి, నోటికి అందినదాన్ని కరిచింది. అందింది మాస్టారి చెయ్యి.

ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు చేసేవారు. ఆయన పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, పొట్ట పట్టుకుని వంగి నడుస్తూ వచ్చేవారు. దారిలో ఎవరైనా పలకరిస్తే, "పిచ్చికుక్కండీ. పిల్లల మీదికి వస్తూంటే అడ్డం వెళ్లేను," అనేవారు. హెడ్మాస్టరు గారు ప్రార్థనలో ఆయన ధైర్యాన్ని మెచ్చుకుని చప్పట్లు కొట్టించారు. ఆయన వద్దనలేదు.

ఆయన ఇంట్లో లేని ఆ పూటల్లో సుందరి గారు వంటింటి తలుపు ఓరగా వేసి, ఇటు పిల్లికి పాలు, అటు సీజర్‌కి పెరుగన్నం పెట్టేవారు. ఒకటి పడుకున్న గోనె తీసి రెండోదాని కింద వేసేవారు. తలుపు కొంచెం కొంచెం తెరుస్తూ వచ్చారు. నెల తిరిగేసరికి సీజర్ పిల్లి వెనకాలే పెరడంతా తిరుగుతోంది. పిల్లికి ఇష్టమైతే ఆగేది, లేకపోతే ఒక్కటిచ్చేది.

గౌరీశంకరం గారు వీధరుగు మీద కుర్చీ వేసుకుని, "అంతా శిక్షణ," అనేవారు.

కొబ్బరి దింపే శ్రీరాములు, వాళ్లింట్లోనూ కుక్కకీ పిల్లికీ అదే తగువొచ్చి, సలహాకి వచ్చాడు. మాస్టారు రోమ్ సామ్రాజ్యం దగ్గర మొదలుపెట్టారు. శ్రీరాములు "ఆయ్, ఆయ్" అంటూ ఓపిగ్గా విని, దణ్ణం పెట్టి, చుట్టూ తిరిగి పెరటివైపు వెళ్లాడు.

"అసలు తమరేం చేసేరండీ అమ్మగారూ?"

ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నారు. "ఏం లేదు శ్రీరాములూ. ముందు ఇంట్లో మగాణ్ణి కాసేపు బయటికి పంపించాలి."

"మగాణ్ణి నేనే కదండీ."

"అయితే మీ ఆవిణ్ణి నా దగ్గరికి పంపించు. తనకి చెప్తాను."