ముల్ల కోయని యాట

మా ఇబ్రహీంపట్నంలో దేవుడంటే భయం ఎంతుందో చెప్పలేను గానీ, ముల్ల కోయని యాట మాంసం ముట్టే మొగోడు మాత్రం లేడు. ఏ కులపు ఇంట దావత్ అయినా ముల్ల బుర్హానుద్దీన్ వచ్చి, బిస్మిల్లా అని కత్తి పెట్టాల్సిందే. అందుకు మెడకూర ఆయన వాటా. మసీదులో నమాజు చేయించేదీ, పీర్ల కొట్టం తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగేదీ ఆయనే.

నిజాం కాలం, ఫసలీ పదమూడువందల యాభై రెండులో పీర్ల పండుగకు పీర్లను నిలబెట్టే రోజున చూస్తే పెద్ద పీరు వెండి గొడుగు లేదు. అది పటేల్ కాశయ్య మొక్కుకుని చేయించింది. "తాళంచెవి ఎవని తాన ఉన్నదో వాడే దొంగ" అని కాశయ్య తేల్చేశాడు. విచారణ అంతే. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఆయన చేత తాయెత్తులు కట్టించుకున్న తల్లులు ఆయనను చూసి తలుపులు మూసుకున్నారు. ఆయన భార్య మదీనా బీ బావి దగ్గరికి పోవడం మానేసింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండు నెలలకు కాశయ్య బిడ్డ పెళ్లయింది. మర్నాడు దావత్. నాలుగు యాటలు కట్టేశారు. దొంగ చేత ఎలా కోయిస్తామని పక్కూరు మంచాలలోని ముల్లకు కబురంపారు. ఒకరి ఊళ్లో ఇంకొకరు కత్తి పెట్టరని ఆయన రాలేదు. కోహెడ నుంచి వచ్చిన వియ్యాలవారేమో ఆకలి మీదున్నారు. కాశయ్య చచ్చినట్టు బుర్హానుద్దీన్‌నే పిలిపించాడు.

ఆయన వచ్చాడు, కత్తి నూరాడు, యాట ముందు కూర్చుని ఆగిపోయాడు.

"దొంగ చెయ్యితోని కోస్తే మీకు పనికొస్తదా పటేలా? జర నువ్వే చెప్పు."

"గా ముచ్చట తర్వాత. ముందుగాల కొయ్యి."

"ముందుగాల చెప్పు. వియ్యాలవారికి గూడ వినపడాలె."

కాశయ్య నేల చూపులు చూస్తూ, "నువ్వు తియ్యలే" అన్నాడు.

"మరి ఎవరు తీసిన్రు బావా?" అన్నాడు వియ్యంకుడు.

లోపలి నుంచి కాశయ్య భార్య ఇంద్రమ్మ అందుకుంది. "నేనే తీసిన, అన్నా. పోయినేడు పీరు మా ఇంటికొస్తే, తోమి ఇద్దామని ముల్లకు చెప్పకుండనే గొడుగు తీసి కందుల కాగుల పెట్టి మరిచిన. నెల కిందనే దొరికింది. చెప్తే ఇజ్జత్ పోతదని మీ బావ నా నోరు మూయించిండు."

బుర్హానుద్దీన్ బిస్మిల్లా అన్నాడు. నాలుగు యాటలూ కోశాడు. ఆయనంత మంచివాడు లేడని అందరూ మూలుగ బొక్కలు జుర్రుకుంటూనే ఒప్పుకున్నారు.

మెడకూర ఇవ్వబోతే ఆయన పట్టుకోలేదు.

"నువ్వే తెచ్చియ్యి పటేలా. బాయి తొవ్వ మీదికెల్లి రా. ఆడోళ్లు నీళ్లు తోడే యాళ్లకు రా."

కాశయ్య మెడకూర మోసుకుంటూ బావి పక్కనుంచి నడిచి వెళ్లాడు. మదీనా బీ వాకిట్లో నిలబడి గిన్నె పట్టింది.