హుక్కుల డబ్బాలో మాత్రలు

రేపల్లెలో హెలెన్ కుట్టే జాకెట్టు చెప్పిన రోజుకు చేతికొచ్చిన దాఖలా లేదు. అడిగితే ‘రేపండి’ అంటుంది. తీరా పెళ్లి ముందురోజు మిషన్ మీద నుంచి లేవకుండా ఏడెనిమిది పూర్తి చేసి పంపేస్తుంది. పదిహేనేళ్లుగా ఇదే వరస. కుట్టు శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరూ మానలేదు.

మందుల దగ్గరా ఆమె అదే వరస పట్టింది.

నాలుగేళ్ల కిందట ఆమెకు లూపస్ అని తేలింది. ఒళ్లు తన మీద తానే తిరగబడే జబ్బు. కీళ్లతో మొదలై కిడ్నీల దాకా పోగలదు. తెనాలిలో కీళ్ల డాక్టర్ భార్గవ్ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశాడు. ఏళ్ల తరబడి వాడితే కొందరికి కంటి వెనక పొర దెబ్బతినవచ్చని, ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలని చెప్పాడు. హెలెన్ చెవిలో కళ్ల మాటే మిగిలింది. సూదిలో దారం ఎక్కించి బతికే మనిషి. కిందటేడు ఒకరోజు నల్ల గుడ్డ మీద నల్ల దారం ఆనలేదు. నలభై దాటితే చాలామందికి వచ్చేదేనని ఆమెకు తోచలేదు. ఆ రోజే రాత్రి మాత్ర మానేసింది.

భర్త జీవన్ కుమార్ బాపట్లలో గుమస్తా. నెలనెలా అక్కడి మందుల షాపు నుంచి అరవై మాత్రలు తెచ్చేవాడు. అందులో ముప్పై ఆమె హుక్కుల డబ్బాలోకి పోయేవి.

ఈ ఏడాది కాళ్లు వాచాయి. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, జబ్బు కిడ్నీకి చేరిందన్నారు.

“మాత్రలు రోజూ రెండూ వేసుకుంటున్నారామ్మా?” భార్గవ్ అడిగాడు.

“వేసుకుంటున్నానండి.”

“నేనే తెస్తాను సార్,” అన్నాడు జీవన్. “నెల తిరిగేసరికి ఒక్కటీ మిగలదు.”

“రక్తంలో ఈ మందు ఎంతుందో కొలిచే టెస్టుంది. హైదరాబాద్ పంపాలి. రక్తంలోంచి తీసిన రసాన్ని అక్కడ సన్నటి గొట్టంలోకి తోస్తారు. అందులో ఉన్నవన్నీ దేనికది విడిపోయి బయటికొస్తాయి. మన మందు ఎంతో తేలిపోతుంది. సోమవారం వచ్చి రక్తం ఇవ్వండి.”

తిరుగు రైల్లో జీవన్ నవ్వించబోయాడు. “మనం ఎప్పుడూ పోలేదు, నీ రక్తం మాత్రం హైదరాబాద్ చూసొస్తది.” హెలెన్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమె మనసంతా డబ్బా మీదే ఉంది.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా డబ్బాలోంచి తీసి రోజుకు ఆరు మింగింది. ఆదివారం గుళ్లో పాట పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు పోయేది ఇలాగేనా అనుకుంది. అయినా సోమవారం పొద్దున ఇంకో రెండు వేసుకుని రైలెక్కింది.

ల్యాబులో రక్తం తీసే బేబీ చెయ్యి పట్టుకుని, “ఏంటక్కా, చెయ్యి వెనక్కి లాక్కుంటున్నావు? సూదంటే భయమా? రోజంతా సూదితోనేగా నీ పని,” అంది. ఊదారంగు మూత గొట్టం నింపి, “చివరి మాత్ర ఎప్పుడేసుకున్నావు?” అని అడిగింది.

“నిన్న రాత్రి.”

బేబీ అదే రాసుకుంది.

ఎనిమిది రోజులకు రిపోర్టు వచ్చింది. భార్గవ్ దాన్ని రెండుసార్లు చదివాడు.

“మందు సరిపడా ఉందమ్మా. మిమ్మల్ని అనుమానించాను, ఏమనుకోకండి.”

“చెప్పానుగా సార్,” అన్నాడు జీవన్.

“చిక్కంతా అక్కడే ఉంది. వేసుకోకుండా ఉండుంటే ముందు అది సరిచేసి, తేలిక మందుతో కొన్నాళ్లు చూసేవాణ్ణి. మందు ఒంట్లో ఉండగానే కిడ్నీకి పాకింది. ఇక పెద్ద ఇంజెక్షనే. జుట్టు రాలొచ్చు, నెలసరి ఆగొచ్చు, జ్వరమొస్తే ప్రాణం మీదికి రావచ్చు. తప్పదు.”

హెలెన్ ఆడిన అబద్ధాన్ని అంత పెద్ద మిషన్ నిజమని రాసిచ్చింది.

“వేసుకోలేదండి,” అంది.

“ఏంటమ్మా?”

“రాత్రివి. ఏడాదిగా. టెస్టుకి ముందు రోజుకి ఆరు లెక్కన మూడు రోజులు మింగాను. వచ్చిన పొద్దున రెండు.”

భార్గవ్ పెన్ను కింద పెట్టాడు. “అన్నేసి మాత్రలకి గుండె లయ తప్పి ఉంటే ఏం చేసేదానివి?”

ఆమె పాత కాగితాలు తిరగేశాడు.

“కళ్ల డాక్టర్ ఏమన్నా చెప్పాడా?”

“ఒక్కసారీ వెళ్లలేదండి. పోయాయని చెప్తాడేమోనని.”

జీవన్ గోడ వైపు చూస్తున్నాడు. “ఒక్కటీ మిగలదని నాచేత చెప్పించావు,” అన్నాడు మెల్లగా.

భార్గవ్ రిపోర్టులో అంకె మీద అడ్డగీత గీశాడు. “ఇక దీంతో పని లేదు. రేపటి నుంచి రెండూ సరిగా వేసుకున్నా, రక్తంలో మందు నిలకడకి రావడానికి నెలలు పడుతుంది. అందాకా కిడ్నీ ఆగుతుందో లేదో నేను చెప్పలేను. ముందు గుండెకి ఈసీజీ తీయిద్దాం. గురువారం కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలి.”

“ఇంజెక్షన్ తప్పుతుందా అండి?”

“ముక్క చూడకుండా ఏం చెప్పనమ్మా?”

ముక్క తీయడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం జీవన్ ముందుకు వచ్చింది. పెన్ను తీసుకున్నాడు గాని పెట్టలేదు. భార్య వైపు తిరిగాడు.

“ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్.”

“లేదండి,” అంది హెలెన్.

అతను నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. సంతకం పెట్టి కాగితం బల్ల మీద అటు తోశాడు.