మా అవ్వ సెరుకు

పీహెచ్‌డీ చేస్తున్నప్పటి మాట. బోధన్ దిక్కు కోతకూలీల భాష మీద నా పరిశోధన. నిజామాబాద్‌ల సదస్సుకు పంపిన పత్రానికి, వాళ్లు పలికినట్టే ‘సెరుకు తోటల మాటలు’ అని పేరు పెట్టిన. సెరుకు కొట్టి నన్ను చదివించిన మా అవ్వ, కన్నబిడ్డ మైకుల మాట్లాడుతదని కొత్త చీర కట్టుకొని వచ్చి వెనక వరుసల కూసుంది.

తెర మీద పేరు పడంగనే అధ్యక్షత వహించిన ప్రొఫెసర్ నవ్విండు. “ఏమ్మా, డాక్టరేట్ చేస్తూ చెరకు అని రాయడం రాదా?” హాలంత నవ్వింది.

“సార్, కూలీలు అట్లనే అంటరు. నా పత్రమే దాని మీద” అన్న.

“వాళ్లు అంటే అననీ. శీర్షికలో తప్పు ఉండొద్దు” అని అక్కడికక్కడే దిద్దించిండు.

సాయంత్రం బస్సుల ఎడపల్లి దాటినంక, అవ్వ కిటికీల నుంచి చూస్కుంట “సెరుకు మంచిగ పెరిగింది...” అని ఆగింది. మెల్లగ కూడబలుక్కొని “చెరకు” అన్నది. “గిప్పుడు సరిగ్గ అన్ననా బిడ్డా?”



పత్రం ‘చెరకు’ అనే అచ్చయింది. తప్పు పోయిందని సార్లందరు ఖుషీ. ఏండ్లకేండ్లు ఆ పంట కొట్టిన మా అవ్వ మాత్రం, నా ముందట దాని పేరే ఎత్తుతలేదు.